నా పారదర్శకత పిచ్చి

పారదర్శకత అంటే పూనకం వచ్చే రకాన్ని నేను. సమాచార హక్కు చట్టం 2005లో వచ్చింది మొదలు, కోర్టు ఫీజు స్టాంపులు అంటించి దరఖాస్తు మీద దరఖాస్తు పెడుతూ, ఊళ్లో ‘చట్టం తెలిసిన మనిషి’ననిపించుకున్నాను. తెలిసింది సగమేనని ఆలస్యంగా అర్థమైంది.

ఉపాధి హామీ పనుల్లో దొంగ పేర్లున్నాయని మస్టర్లు, కూలి చెల్లింపుల జాబితా అడిగాను. జిరాక్సులు కట్టగట్టి ఇచ్చేశారు. పేరు, పనిదినాలు, కూలి, ఆ పక్కనే బ్యాంకు ఖాతా, ఫోన్ నంబరు. ఇంటికి వెళ్లేదాకా ఆగానా? బస్సులోనే ఫొటోలు తీసి ఊరి వాట్సాప్ గ్రూపులో పడేశాను. దొంగ పేర్ల మాట ఎవరూ ఎత్తలేదు. ఎవరికెంత పడిందన్న కూపీలే అన్నీ.

వారం తిరక్కముందే పాలు పోసే పెద్దావిడ వచ్చింది. “బ్యాంకు నుంచంటూ ఎవడో నా ఖాతా నంబరు గడగడా చదివాడు బాబూ. నిజమే కాబోలని ఓటీపీ చెప్పేశాను. ఆ కాగితాలు పెట్టింది నువ్వేనటగా?” నోరు పెగల్లేదు. మా పొలం అడంగల్ ఎవరైనా ఆన్‌లైన్‌లో చూడొచ్చని తెలిసినప్పుడు చిందులు తొక్కిందీ నేనే మరి!

ఇవ్వకూడని భాగం తీసేసి మిగతాది ఇవ్వమని సమాచార హక్కు చట్టంలోనే సెక్షన్ 10 ఉంది. ఆఫీసులో ఆ పని చెయ్యలేదు సరే, నేనైనా ఖాతా, ఫోన్ గడులు స్కెచ్ పెన్నుతో కొట్టేస్తే పోయేది. పేర్లు మాత్రం ఉండాల్సిందే. 1990లలో రాజస్థాన్‌లో జన్ సున్వాయి అనే బహిరంగ విచారణల్లో మస్టర్లు పైకి చదవబట్టే కదా, చచ్చినవాళ్ల పేర్ల మీద కూలి మింగిన సంగతి బయటపడింది!

గోప్యత ప్రాథమిక హక్కని 2017లో సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తులతో తేల్చింది. మంచిదే. 2023 డేటా రక్షణ చట్టం మాత్రం సెక్షన్ 44(3)తో సమాచార హక్కు చట్టంలోని 8(1)(జె)ని తిరగరాసింది. ఇదివరకు వ్యక్తిగత సమాచారాన్ని, ప్రజా వ్యవహారంతో సంబంధం లేనిదనో, అకారణంగా గోప్యతకు భంగమనో చూపిస్తేనే ఆపేవారు. ఈ సవరణతో ‘వ్యక్తిగతం’ అంటే చాలు. ప్రజాప్రయోజనం ఎక్కువైతే ఇవ్వొచ్చని 8(2) ఉంది గానీ, ఆ మొర మళ్లీ సమాచారం ఇవ్వాల్సిన అధికారి దగ్గరే పెట్టుకోవాలి.

రేపు మస్టర్లు అడిగితే పేర్లతో సహా ‘వ్యక్తిగతం’ అంటారు. కాదని వాదించబోతే పెద్దావిడ సంగతి ఎత్తి చూపిస్తారు. దొంగ పేర్లు రాసినవాడికి నా అంత సాయం ఇంకెవరూ చేసి ఉండరు.