ఎల్టీసీ పెద్దమనిషి

ఎల్టీసీ పెద్దమనిషి కేంద్ర ప్రభుత్వోద్యోగుల్లో విరివిగా కనిపించే రకం. సొంతూరికి వెళ్లే ఎల్టీసీని, అంటే సెలవు ప్రయాణ రాయితీని, మార్చుకుని అండమాన్‌కు విమానమెక్కే వెసులుబాటు ఉంది గనక, చలికాలంలో నీల్ దీవి తీరాన తల్లి, భార్యాపిల్లలతో సహా దర్శనమిస్తాడు. 2018లో ఆ దీవికి షహీద్ ద్వీప్ అని పేరు పెట్టారు. ఆ సంగతి ఇంటిల్లిపాదికీ పూటపూటా గుర్తుచేసి, తాను మాత్రం నీల్ అనే అంటాడు.

ఇతణ్ణి పోల్చుకోవడానికి చొక్కా జేబు చాలు. బోర్డింగ్ పాసులన్నీ అందులోనే ఉంటాయి. అవి లేనిదే బిల్లు పాసు కాదు. సముద్రంలో దిగినా మోకాలి లోతు దాటడు, జేబు మీంచి చెయ్యి తియ్యడు.

లక్ష్మణపూర్ తీరంలో అలలు తొలిచిన శిలావంతెన ఉంది. ఆటు వేళ నీళ్లు తీసినప్పుడే అక్కడికి రాళ్ల మీదుగా నడిచి వెళ్లాలి. ఆటుకూ పోటుకూ నడుమ సుమారు ఆరు గంటలే. కారు డ్రైవరు ఈ మాట ముందురోజే చెబుతాడు. పెద్దమనిషి అలారం పెట్టి మరీ అందర్నీ లేపుతాడు. ఆపైన, టిఫిను గది అద్దెలోనే కలిసి ఉందని గుర్తొచ్చి, రెండోసారి పూరీలు వేయించుకుంటాడు. వీళ్లు చేరేసరికి నీళ్లు మళ్లీ ఎక్కుతుంటాయి. "ఒక్క పావుగంట ఆగదా?" అని డ్రైవరును అడుగుతాడు, సముద్రం గురించి.

ఒడ్డు పక్క గుంటల్లో చూడదగ్గది ఇంకా మిగిలే ఉంటుంది. దోసకాయంత నల్లటి ప్రాణి ఒకటి కదలకుండా పడుంటుంది. దాని పక్కనుంచి చిటికెనవేలంత నీలం చేప మెరిసి రాతి కిందికి దూరుతుంది. చంటిది అక్కడే గొంతుకూర్చుని ఎంత పిలిచినా లేవదు.

గుంటల్లోని పగడాలను చూపిస్తే, "పగడమంటే ఎర్రగా ఉండాలి గదరా?" అంటుంది తల్లి. కుజుడికని ఉంగరంలో పొదిగే ఎర్ర పగడం వేరే జాతి, పేరున్నది మధ్యధరా సముద్రానిది. ఇక్కడివి దిబ్బలు కట్టే పగడాలు. "ఇది రాయి కాదమ్మా, ప్రాణి!" అని మొదలుపెడతాడు పెద్దమనిషి. చెప్పేది నిజమే. పగడం ఒంట్లో కాపురముండే నాచు ఎండతో తిండి వండిపెడుతుంది. నీళ్లు మరీ వేడెక్కితే నాచు వెళ్లిపోయి పగడం పాలిపోతుంది. 2010లో అండమాన్ పగడాలకు పెద్దఎత్తున ఈ గతే పట్టింది. ఉపన్యాసం ముగిసేలోపు ఒక తెల్లటి ముక్క జంతికల డబ్బాలోకి చేరుతుంది.

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో పులి ఉన్న మొదటి షెడ్యూల్లోనే ఈ పగడాలూ ఉన్నాయి. చచ్చిన ముక్కనైనా తీసుకుపోకూడదు. ఒకప్పటి పోర్ట్ బ్లెయిర్, ఇప్పటి శ్రీ విజయపురం విమానాశ్రయంలో స్కానరు డబ్బాను పట్టిస్తుంది.

"వట్టి రాయండీ," అంటాడు పెద్దమనిషి.

"ప్రాణి అన్నావు గదరా!" అంటుంది వెనకనుంచి తల్లి.

డబ్బా ఖాళీగా చేతికొస్తుంది. చెయ్యి మాత్రం జేబు మీదే ఉంటుంది.