గ్రీజు పడకూడని చోటు: ఒక ట్రైపాడ్ ఆత్మకథ

కదలకుండా నిలబడటం నా వృత్తి. నేను ట్రైపాడ్‌ని. చైతన్యపురిలోని మా స్టూడియోలో అందరూ నన్ను స్టాండ్ అంటారు. మూడు కాళ్లు, ఒక్కో కాలిలో ఒకదాంట్లోకి ఒకటి దూరే అల్యూమినియం గొట్టాలు మూడు, వాటి మధ్య చేత్తో తిప్పి బిగించే లాకులు, పైన కెమెరా కూర్చునే హెడ్. కోఠి గుజరాతీ గల్లీలో కొని తెచ్చిన రోజున నల్లగా మెరిసేదాన్ని. ఇప్పుడు చేతులు పడే చోటల్లా రంగు పోయి తెల్లటి లోహం కనిపిస్తోంది. కంపెనీ పేరు కూడా అరిగిపోయింది. నాకు దాని మీద దిగులు లేదు. రంగు పోయినా ట్రైపాడ్ పనిచేస్తుంది. పట్టు పోతే మాత్రం దేనికీ పనికిరాదు.

ఆ పట్టు ఎక్కడుంటుందో చెప్పాలి, ఎందుకంటే నన్ను వాడేవాళ్లలో చాలామందికి తెలియదు. బయటి గొట్టం చివర మర ఉంటుంది, దాని మీద కాలర్ తిరుగుతుంది. కాలర్ లోపల చీలిక ఉన్న ప్లాస్టిక్ రింగు ఒకటి ఉంటుంది. కాలర్ బిగించినకొద్దీ ఆ రింగు నొక్కుకుని లోపలి గొట్టాన్ని గట్టిగా పట్టేస్తుంది. లోపలి గొట్టం పైకొసకు రెండు సగాలుగా ఉన్న పలచని ప్లాస్టిక్ బుష్‌లు ఉంటాయి. గొట్టం ఊగకుండా, గిర్రున తిరిగిపోకుండా కాపాడేవి అవే. అంటే ఒక్క లాకులోనే రెండు రకాల పనులు జరుగుతున్నాయి. మర హాయిగా తిరగాలి, రింగు గట్టిగా పట్టాలి. మరకు గ్రీజు కావాలి. రింగుకు, గొట్టానికి గ్రీజు తగిలితే నా బతుకే పోతుంది. ఈ రెండు చోట్ల మధ్య దూరం అంగుళం కూడా ఉండదు. నా కష్టాలన్నీ ఆ అంగుళంలోనే జరిగాయి.

నేను వచ్చిన కొత్తలో మూసారాంబాగ్ నుంచి ఎల్బీనగర్ దాకా నడిరోడ్డు మీద మెట్రో పనులు. 2018 సెప్టెంబర్ 24న అమీర్‌పేట నుంచి ఎల్బీనగర్‌కు రైలు మొదలైంది. మియాపూర్ నుంచి ఎల్బీనగర్ దాకా 29 కిలోమీటర్ల లైను పూర్తయింది. ఆ తర్వాత ఎల్బీనగర్ చౌరస్తాలో అండర్‌పాస్‌లు, ఫ్లైఓవర్లు. ఊరు బాగుపడింది, నేను దాన్ని తప్పుపట్టను. కానీ ఆ ఏళ్లలో లేచిన సిమెంటు పొడి, సన్న ఇసుక నా మరల్లో దూరాయి. ఇసుకలోని క్వార్ట్జ్ రేణువు అల్యూమినియం కంటే చాలా గట్టిది. మెత్తటి బుష్‌లో దిగబడితే, కాలు లాగిన ప్రతిసారీ గొట్టం మీద గీత పెడుతూ పోతుంది. కాలు చాపినప్పుడు కరకరమని చప్పుడు వచ్చిందంటే అది లోపలి లోహం అరుగుతున్న చప్పుడు.

పెళ్లిళ్లది వేరే కథ. చంపాపేట, కర్మన్‌ఘాట్, సాగర్ రోడ్డు, నాగోల్ వైపు ఉన్న ఫంక్షన్ హాళ్లలో నేను నిలబడని మండపం తక్కువ. పసుపు దంచే వేడుకలో గాలిలో తేలే పొడి, తలంబ్రాల్లో కలిపే రంగు థర్మకోల్ పూసలు, హోమం నెయ్యి పొగ, స్టేజీ కార్పెట్ మీద ఒలికిన కూల్‌డ్రింక్ జిగురు, అన్నీ నా పాదాల నుంచి పైకి ఎక్కేవే. బతుకమ్మ రాత్రులు కాలనీ మైదానంలో ఆడపడుచుల అడుగుల కింద లేచే దుమ్ము. వినాయక నిమజ్జనానికి సరూర్‌నగర్ చెరువు గట్టు మీది బురద. ఈ పని మురికి పని, అందులో తప్పు లేదు. మురికితోనే కాలు లోపలికి నెట్టి సంచిలో పడేయడమే తప్పు.

ఒకసారి లాకు బిగుసుకుందని స్టూడియోలో పనిచేసే కుర్రాడు మరల్లో కొబ్బరినూనె పోశాడు. ఇంట్లో తలుపు కిర్రుమన్నా, సైకిల్ చైను మొరాయించినా మనకు ముందు చేతికందేది అదే కదా. రెండు వారాలు బాగానే తిరిగాను. డిసెంబర్‌లో తెల్లవారుజాము ముహూర్తం వచ్చింది. కొబ్బరినూనె 24 డిగ్రీల దగ్గరే గడ్డకట్టడం మొదలెడుతుంది. ఆ వేకువ చలిలో వేడి అంతకు చాలా తక్కువ. నూనె, పసుపు, దుమ్ము కలిసి మరల్లో గట్టిపడ్డాయి.

“అన్నా, లాకు తిరుగుతలేదు!”

“ఏం పోసినవ్‌రా దీంట్ల?”

“కొబ్బరినూనెన్నా... టైట్ ఉన్నదని.”

జీలకర్ర బెల్లం ఘడియ దగ్గర పడుతోంది. స్టూడియో నడిపే మా అన్న ఒక కాలు పొట్టిగానే ఉంచి, దాని కింద ఇటుక పెట్టి ఆ పెళ్లి గట్టెక్కించాడు.

ఆ తర్వాత కుట్టు మిషన్ నూనె వాడారు. అది గడ్డకట్టదు గానీ పల్చన. ఎండాకాలం 42 డిగ్రీల వేడికి మర మీద నిలవకుండా కిందికి జారి రింగును, గొట్టాన్ని తడిపింది. ఎల్బీనగర్ ఫ్లైఓవర్ పక్కన రాత్రిపూట బండ్ల లైట్లు గీతల్లా వచ్చేలా షట్టర్ 20 సెకన్లు తెరిచి ఫొటో తీస్తున్నారు. బిగించిన కాలు కంటికి కనపడనంత మెల్లగా కుంగింది. కెమెరా తెర మీద చూస్తే ప్రతి వీధిదీపానికీ పక్కనే ఇంకో నీడదీపం. పనిముట్టుకు ఇంతకంటే అవమానం ఉండదు. విరిగినదాన్ని పక్కన పెడతారు, మెల్లగా జారేదాన్ని నమ్మి మోసపోతారు.

తుప్పు వదిలించే స్ప్రేల గురించి కూడా చెప్పాలి. డబ్ల్యూడీ-40 లాంటివి 1950లలో అమెరికాలో క్షిపణుల ఒంటికి తేమ అంటకుండా, తుప్పు పట్టకుండా చూడటానికి పుట్టాయి. తడి తరమడానికి, బిగుసుకున్న బోల్టు వదిలించడానికి మంచివే. కానీ నాలో ఉన్న పాత గ్రీజును కరిగించి, తర్వాత తాము కూడా పలచబడిపోతాయి. వాటిని కొట్టిన రోజు మృదువుగా తిరిగిన లాకు, నెల తిరక్కుండానే మునుపటికంటే మొండికేస్తుంది.

నాకు అసలైన వైద్యం వరద తర్వాత దొరికింది. 2020 అక్టోబర్ 13న కురిసిన వానకు సరూర్‌నగర్ చెరువు చుట్టుపక్కల కాలనీలు మునిగాయి. కరోనా వల్ల పెళ్లిళ్లు లేక సామానంతా అన్న ఇంట్లోనే, గ్రౌండ్ ఫ్లోర్‌లో ఉంది. గుమ్మంలోకి నీళ్లు రాగానే కెమెరాలు, లెన్సులు, పెళ్లిళ్ల ఫొటోలున్న హార్డ్‌డిస్కులు పై వాటాలోకి మోశారు. ముందు కాపాడాల్సినవి అవే. నేను నీళ్లలో ఉండిపోయాను. నీళ్లు తీసేసరికి నా గొట్టాల్లో ఒండ్రు నిండిపోయింది. ఉక్కు స్క్రూలకు తుప్పు, అవి అల్యూమినియంను ఆనుకున్న చోట తెల్లటి పొడి.

అన్న నన్ను కోఠిలో పాత కెమెరాలు బాగుచేసే చాచా దగ్గరికి తీసుకెళ్లాడు. ఆయన కాలు ఒకటి లాగి, చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు. “ముందు సాఫ్ చెయ్ బేటా. మట్టి మీద గ్రీజు పెడితే అది గ్రీజు కాదు, రేగ్మాల్ అయితది” అన్నాడు. రేగ్మాల్ అంటే గరుకు కాగితం. అన్నకు ఒక్క మాటలో అంతా అర్థమైంది.

అప్పటినుంచి ప్రతి ఆషాఢంలో నాకు స్నానం. ముహూర్తాలు లేని నెల. బోనాల ఆదివారాలు తప్ప స్టూడియోకు తీరిక. నేల మీద పాత పేపరు పరిచి, ఒకసారికి ఒక్క కాలే విప్పుతారు. మూడూ ఒకేసారి విప్పితే బుష్‌లు కలిసిపోతాయి, అరుగుదల ఒక్కోదానికి ఒక్కోలా ఉంటుంది కాబట్టి తారుమారైతే సరిగ్గా కూర్చోవు. కింది కాలర్ పూర్తిగా విప్పి గొట్టం లాగితే రెండు బుష్‌లు ఊడివస్తాయి. వాటి వెనక ఉన్న చిన్న బుడిపె గొట్టం మీది రంధ్రంలో కూర్చుంటుంది. ఏది ఎటు ఉందో ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకుంటాడు అన్న.

తర్వాత గోరువెచ్చని నీళ్లు, కొంచెం గిన్నెలు తోమే లిక్విడ్, పాత టూత్‌బ్రష్. మరల గాడి గాడినీ తోముతారు. మొండి గ్రీజు మిగిలితే ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపిన బనియన్ గుడ్డతో తుడుస్తారు. సెల్‌ఫోన్ బోర్డులు శుభ్రం చేసేవాళ్లు వాడేదే అది. దిల్‌సుఖ్‌నగర్‌లో దానికి కొరత లేదు. పెట్రోలు, కిరోసిన్ వద్దు. అవి రబ్బరును, ప్లాస్టిక్‌ను పాడుచేస్తాయి, మూసిన గదిలో ప్రమాదం కూడా. శానిటైజర్ జెల్ కూడా వద్దు, అందులోని గ్లిజరిన్ జిగురుగా మిగిలిపోతుంది. కడిగాక గొట్టాలన్నీ విడివిడిగా ఒక రాత్రంతా నీడలో ఆరాలి. తడి లోపల ఉండగా బిగించిన కాలు కడగని కాలితో సమానం.

గ్రీజు వంతు అన్నిటికంటే చివర. నీటికి కరగని చిక్కటి సింథటిక్ గ్రీజు, చిటికెన వేలి కొనకు అంటినంత చాలు. అది బయటి మర మీద మాత్రమే పలచగా పూసి, కాలర్ రెండుసార్లు ఎక్కించి దించి, పొంగిన గ్రీజును తుడిచేస్తారు. రింగు పొడిగా ఉండాలి. బుష్ పొడిగా ఉండాలి. గొట్టం పొడిగా ఉండాలి. క్లిప్పు లాకులున్న నా తోటి స్టాండ్లకైతే కాళ్లలో గ్రీజు అసలే అక్కర్లేదు, తుడిస్తే చాలు. హెడ్‌లోని బంతి కూడా పొడి రాపిడితోనే నిలుస్తుంది. దాన్ని మెత్తటి గుడ్డతో తుడవడమే సేవ. వీడియో తీసే ఫ్లూయిడ్ హెడ్‌ను మాత్రం ఇంట్లో విప్పకూడదు. కెమెరా నిదానంగా తిరగడానికి దాని లోపల ప్రత్యేకమైన చిక్కటి గ్రీజు ఉంటుంది, ఒకసారి పోతే మామూలు గ్రీజు ఆ పని చేయదు. చివరగా భుజాల దగ్గరి బోల్టులను ఎలన్‌కీతో సరిచూస్తారు. కాలు సగం తెరిచి వదిలితే అక్కడే ఆగాలి, వేలాడిపోకూడదు.

ఇప్పుడు పెళ్లిళ్లలో జింబల్ పట్టుకుని వధూవరుల చుట్టూ తిరిగే కుర్రాళ్లున్నారు, పైన డ్రోన్ ఉంది. వాళ్ల పని వాళ్లది. ఆరో నిజాం కొలువులో రాజా దీన్‌దయాళ్ ఫొటోలు తీసిన రోజుల్లో గాజు పలకల కెమెరాను చెక్క స్టాండ్ల మీద నిలిపి, కదలొద్దని మనుషుల్ని బతిమాలేవారు. నూరేళ్లు దాటినా తక్కువ వెలుగులో స్పష్టమైన బొమ్మకు మార్గం మారలేదు: షట్టర్ ఎక్కువసేపు తెరవాలి, అంతసేపూ కెమెరా కదలకూడదు. అర్ధరాత్రి ముహూర్తాన మూడు ముళ్లు పడుతుంటే మా అన్న ఇప్పటికీ ఒక కెమెరాను నా మీదే ఉంచుతాడు.

మీ ఇంట్లో ఏ అటక మీదో నాలాంటిది ఒకటి ఉంటే ఈ ఆషాఢంలో దించండి. బురదలోనో చెరువులోనో నిలబెట్టాల్సి వస్తే ముందు అడుగు గొట్టాన్ని పూర్తిగా చాపండి, లాకు నీటికి పైనే ఉంటుంది. ఇంటికి రాగానే ఆ గొట్టాన్ని కడిగి, తుడిచి, ఆ తర్వాతే లోపలికి నెట్టండి. లాకు బిగుసుకుంటే నూనె డబ్బా కోసం వెతక్కండి, ముందు బ్రష్ తీసుకోండి.