గులాబీకి గొడుగు

ఈ కాలం వాళ్లకి గులాబీ అంటే ఇంటి గోడ వెంట వరసగా ఉండే పొద. అది ఏ రకమని అడిగి చూడండి, బిల్డర్ పెట్టించాడంటారు. నీళ్లెవరు పోస్తారంటే స్ప్రింక్లర్. కొమ్మలెవరు కత్తిరిస్తారంటే లాన్ కుర్రాళ్లు. వాళ్లు మెషీన్ పట్టుకొచ్చి, మిలిటరీ వాడికి క్రాపు కొట్టినట్టు పైభాగమంతా చదును చేసి పోతారు. పువ్వా, మొగ్గా, చిగురా అన్న విచక్షణ ఉండదు. ఇంటివాళ్లు ఆ పొద దగ్గరికి వెళ్లేది దీపావళికి కొత్తబట్టలు కట్టుకుని ఫొటో దిగడానికి. వాసన చూద్దామన్నా ఆ పొదల్లో చాలావాటికి అది అంతంతమాత్రమే.

మేం డాలస్ పక్కన ప్లేనోలో ఇల్లు కొన్న రోజుల్లో మనవాళ్లు ఈ చుట్టుపక్కల వేళ్ల మీద లెక్కపెట్టేంతమంది. ఆదివారం ఎవరింటికి భోజనానికి వెళ్లినా, ముందు పెరట్లోకి తీసుకెళ్లి మొక్కలు చూపించడం మర్యాద. గోంగూర, బెండ, దోసపాదు ఎలాగూ ఉండేవి. వాటి పక్కన, ఎండ బాగా తగిలే చోట నాలుగైదు గులాబీలు. అందులో ఒకటి తప్పకుండా డబుల్ డిలైట్.

మన తెలుగు సంఘం తానా మొదటి మహాసభ న్యూయార్క్‌లో జరిగింది 1977లో. అదే ఏడు కాలిఫోర్నియాలో ఆర్మ్‌స్ట్రాంగ్ నర్సరీ వాళ్లు ఈ పువ్వుని బజార్లోకి తెచ్చారు. స్విమ్, ఎల్లిస్ అనే ఇద్దరు గ్రనాడా, గార్డెన్ పార్టీ అనే రకాల్ని సంకరం చేసి పుట్టించిన హైబ్రిడ్ టీ వర్గం గులాబీ ఇది. వచ్చిన ఏడే ఆల్ అమెరికా రోజ్ సెలెక్షన్స్ బహుమతి కొట్టింది. 1985లో ప్రపంచ గులాబీ సంఘాల సమాఖ్య దాన్ని హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేర్చింది. మన సంఘాలు ఆ తర్వాత ఎన్నయ్యాయో నన్నడక్కండి. ఈ పువ్వు మాత్రం ఇప్పటికీ ఒకే పేరు మీద నడుస్తోంది.

దీని విశేషమంతా ఎండలో ఉంది. మొగ్గ విచ్చేటప్పుడు మీగడ రంగు, అంచున గీత గీసినంత ఎరుపు. ఎండ పడే కొద్దీ ఆ ఎరుపు అంచుల నుంచి లోపలికి పాకుతుంది. పై రేకు కప్పిన మేర కింది రేకు తెల్లగానే ఉండిపోతుంది. పనంతా అతినీలలోహిత కిరణాలది. అవి చొరబడని అద్దాల గదిలో పెంచితే పువ్వు తెల్లగా పాలిపోయి ఉంటుంది. అంటే ఒకే మొక్క మీద నిన్నటి పువ్వుకీ ఇవాళ్టి పువ్వుకీ పోలిక ఉండదు. రోజూ వెళ్లి చూసేవాడికే అందే అందం ఇది. రోజూ వెళ్లి చూసే తీరిక ఇప్పుడెవరికుంది?

టెక్సస్‌లో మే నెల దాటితే రేకుల అంచులు మాడతాయి. అందుకని పోటీకి పంపేవాళ్లు మొక్క పక్కన కర్ర పాతి, పువ్వుకి గొడుగు కట్టేవాళ్లు. డబుల్ డిలైట్‌కి ఆ గొడుగు ఎప్పుడు వేయాలో తెలియడమే విద్య. ముందే వేస్తే రంగెక్కదు, ఆలస్యమైతే అంచు కమిలిపోతుంది. ఆఫీసుకి బయల్దేరుతూ మా ఆవిడకి నేను చెప్పే ఆఖరి మాట పిల్లల బడి గురించి కాదు, గొడుగు గురించి. ఆవిడ లోపల ఏమనుకునేదో ఇంతవరకూ బయటపెట్టలేదు.

రెండు రంగుల గులాబీల్లోనూ రెండు తెగలున్నాయి. డబుల్ డిలైట్, 2000లో బహుమతి తెచ్చుకున్న జెమిని లాంటివాటిలో రంగులు రేకు మీదే ఒకదాంట్లో ఒకటి కలుస్తాయి. ఇంకో తెగకి రేకు లోపలి ముఖం ఒక రంగు, వీపు ఒక రంగు. 1980లో వచ్చిన లవ్ అలాంటిది. ముందు నిండు ఎరుపు, వెనక తెలుపు. క్రోనెన్‌బర్గ్ అయితే లోపల కెంపు, వీపు పసుపు. ఆ పసుపు ఊరికే రాలేదు. ఆసియా నుంచి వెళ్లిన రోజా ఫెటిడా జాతిని తోట గులాబీతో కలపడానికి ఫ్రాన్స్‌లో పెర్నే డ్యూషే ఏళ్ల తరబడి తంటాలు పడి, 1900లో సొలైల్ డోర్ అనే మొక్కని బయటికి తెచ్చాడు. రంగుతో పాటు ఆకుల మీద నల్లమచ్చ తెగులుకి లొంగిపోయే గుణమూ ఆ జాతి నుంచే అంటుకుంది. మేం శనివారం శనివారం మందు కొట్టుకుంటూ తిరిగింది అందుకే. ఆ మందులు లేకుండా బతికే మొక్కలు ఇప్పుడొస్తున్నాయి, మంచిదే. నేను దేన్ని పడితే దాన్ని తిట్టేవాణ్ణి కాను.

కానీ మొక్క కొనడం మాత్రం అప్పుడే కొనడం. డాలస్‌కి తూర్పున వంద మైళ్ల దూరంలో టైలర్ ఉంది. ఒకప్పుడు ఈ దేశంలో అమ్ముడయ్యే గులాబీ మొక్కల్లో సగానికి పైగా ఆ ఊరి చుట్టుపక్కలే పండేవి. 1933లో మొదలైన గులాబీ పండగ ఇప్పటికీ అక్టోబర్‌లో చేస్తారు. చలికాలంలో మట్టి లేకుండా వట్టి వేళ్లతో మొక్కలొచ్చేవి. నంబర్ వన్ గ్రేడ్ అంటే కనీసం మూడు గట్టి కొమ్మలుండాలి. తిప్పి తిప్పి చూసి, రాత్రంతా బకెట్లో నానబెట్టి, గోతిలో మట్టి కుప్ప చేసి దాని మీద వేళ్లు విడదీసి పరిచేవాళ్లం. ప్లేనో నేల మన గుంటూరు వైపు నల్లరేగడి లాంటిదే. వానకి జిగురు, ఎండకి నెర్రెలు. పైగా సున్నం పాలు ఎక్కువ. ఆకు పసుపు తిరిగి ఈనెలు మాత్రం పచ్చగా మిగిలితే ఇనుము అందడం లేదని మా పిల్లలకి కూడా తెలుసు.

ఇప్పుడో? ఫోన్‌లో సగం నీలం, సగం ఎరుపు గులాబీ బొమ్మ చూసి విత్తనాలు తెప్పిస్తున్నారు. అంటుకట్టే మొక్కకి విత్తనమేమిటి! విత్తనం వేస్తే తల్లి పోలిక రాదు. నీలం గులాబీ సంగతి సరేసరి. దుకాణాల్లో కొమ్మలకి మైనం పూసి, ప్లాస్టిక్ సంచిలో చుట్టి, హీటర్ వేసిన హాల్లో వారాల తరబడి నిలబెడతారు. సంచి మీద ఒక పువ్వు, పూసేది ఇంకో పువ్వు.

ఆ మధ్య ఫ్రిస్కో నుంచి ఒక కుర్రాడు ఫోన్ చేశాడు.

"అంకుల్, మా డబుల్ డిలైట్ రంగు మారిపోయింది. మొత్తం ముదురెరుపు. ఎరువు ఎక్కువైందంటారా?"

"ఏడాదికి ఎన్నిసార్లు పూస్తోంది?"

"ఏప్రిల్‌లో ఒక్కసారేనండీ. తీగల్లా సాగుతోంది."

"అది డాక్టర్ హ్యూయీ నాయనా. మీ మొక్క 2021 ఫిబ్రవరి మంచుకే పోయి ఉంటుంది."

ఈ దేశంలో చాలా గులాబీలని అంటుకట్టేది డాక్టర్ హ్యూయీ వేరు మీదే. అంటు కింద నుంచి మొలిచే కొమ్మని మట్టి తవ్వి, మొదలంటా పీకెయ్యాలి. పైన కత్తిరిస్తే ఇంకా ఏపుగా వస్తుంది. చూసుకోకపోతే అసలు మొక్కని అణిచేసి అదే నిలుస్తుంది. "అయినా బానే ఉందిలెండి అంకుల్, ఎర్రగా," అన్నాడు. ఇంకేం చెప్తాం!

పువ్వు కోయడం సంగతీ అంతే. పొద్దున్నే, ఎండెక్కకముందు, మొగ్గ మూడో వంతు విచ్చాక, బయటికి తిరిగిన ఐదాకుల రెబ్బకి కాస్త పైన ఏటవాలుగా కొయ్యాలి. వెంటనే మెడ దాకా గోరువెచ్చని నీళ్లలో పెట్టి, చల్లని చోట రెండు గంటలు వదిలెయ్యాలి. పక్క మొగ్గల్ని చిన్నప్పుడే గిల్లేస్తే కాడకి ఒక్క పువ్వే నిలిచి పెద్దదవుతుంది. డబుల్ డిలైట్‌ని గుత్తిగా కుక్కకూడదు. సన్నమూతి సీసాల్లో మూడు పువ్వులు చాలు: అప్పుడే విచ్చిన మీగడ రంగుది ఒకటి, సగం ఎర్రబడ్డది ఒకటి, పూర్తిగా పండింది ఒకటి. పక్కన వేరే రంగు పువ్వు పెట్టారా, రెండూ చెడ్డట్టే. లవ్ లాంటిదాన్ని కంటి ఎత్తుకి పైన పెట్టాలి, రేకు వీపు కనపడాలిగా. మిగిలినవి జడల్లోకి. పిట్స్‌బర్గ్ వెంకటేశ్వరుడి గుడికి కార్లో వెళ్లినప్పుడు మా ఆవిడ తడిగుడ్డలో చుట్టిన పువ్వులు ఐస్ పెట్టెలో పెట్టుకొచ్చింది.

ఇప్పుడు ఓణీల ఫంక్షన్‌కి వెళ్తే గోడంతా ప్లాస్టిక్ గులాబీలు. అద్దెకి తెస్తారట, సాయంత్రం తిరిగి ఇచ్చేస్తారట. వడలవని ముచ్చట పడతారు.

అసలు కష్టం వద్దనే కదా అందరూ నాకౌట్‌కి ఎగబడ్డారు. విస్కాన్సిన్‌లో విలియం రాడ్లర్ పుట్టించిన ఆ రకం 2000లో వచ్చింది. నల్లమచ్చకి లొంగదు, అడగందే పూస్తుంది. ఆయన్ని తప్పు పట్టను, గొప్ప పనే చేశాడు. దాన్ని డాలస్‌లో ప్రతి మాల్ ముందూ, రోడ్ల మధ్యా మైళ్ల పొడవున నాటినవాళ్లని అంటున్నాను. చివరికి రోజ్ రోజెట్ వైరస్ వచ్చింది. కంటికి కనపడని నల్లి గాలికి కొట్టుకొచ్చి అంటిస్తుంది. చీపురు కట్టలా ఎర్రని చిగుళ్లు, కొమ్మ నిండా ముళ్లు, ఇక అంతే సంగతులు. మందు లేదు. పీకి సంచిలో కట్టి పారేయడమే. మా హైబ్రిడ్ టీలకీ అది రాకపోదు. కానీ రోజూ మొక్క దగ్గర నిలబడేవాడికి మొదటి పిచ్చి చిగురే కనపడుతుంది. స్ప్రింక్లర్‌కి కళ్లెక్కడివి?

డాలస్ వైపు గులాబీకి కత్తెర పట్టేది ఫిబ్రవరి 14 ప్రాంతంలో. ఈ ఏడూ మా అబ్బాయికి ఫోన్ చేసి, వచ్చి కొమ్మలు కత్తిరించరా, నా నడుం వంగడం లేదన్నాను. "ఇవాళ కుదరదు నాన్నా, డిన్నర్ రిజర్వేషన్ ఉంది" అన్నాడు. పోతూ పోతూ కోడలికి డజను గులాబీలు కొనిపెట్టాడట. ఈక్వడార్ నుంచి విమానంలో వచ్చినవి. ఒక్కదానికి కూడా వాసన లేదని ఆ అమ్మాయే నాకు చెప్పింది.