అన్నింటికీ అంతో ఇంతో

ఆన్‌లైన్ ఆటలో కొత్త కేరెక్టర్ తయారు చేయబోతున్నారా? ముందు గైడు మూసేయండి. పక్కన కూర్చుని "ఇది పెట్టు, అది పెట్టకు" అనే స్నేహితుణ్ని చాయ్ తాగి రమ్మని కిందికి పంపండి. ఆ తర్వాత మీకొచ్చే పాయింట్లను అన్ని స్టాట్లకూ సమానంగా పంచండి. నా సలహా ఇంతే. బాగా ఆడేవాళ్లెవరూ దీన్ని ఒప్పుకోరు. నా కేరెక్టర్‌ని చూసిన ప్రతివాడూ పాయింట్లు నీళ్లపాలు చేశానన్నాడు. ఇన్నేళ్లయినా నేను అలాగే ఆడుతున్నాను, మిమ్మల్నీ అలాగే ఆడమంటున్నాను.

నేను రాగ్నరాక్ ఆన్‌లైన్ మొదలుపెట్టింది హైదరాబాద్ గాజులరామారంలో, ఒక కిరాణా కొట్టు పైనున్న నెట్ సెంటర్లో. అది 2007కు ముందు మాట. ఎనిమిది కంప్యూటర్లు, గంటకు 15 రూపాయలు. కరెంటు పోతే యూపీఎస్‌లన్నీ ఒక్కసారే కూసేవి, మేమంతా మా కేరెక్టర్లను ఊళ్లోకి పరిగెత్తించి లాగౌట్ కొట్టేవాళ్లం. కొరియాకు చెందిన గ్రావిటీ కంపెనీ 2002లో తెచ్చిన ఆట అది. లెవెల్ అప్ అనే సంస్థ మన దేశంలోకి తీసుకొచ్చింది.

కొత్త కేరెక్టర్ తెరిస్తే ముందు ఆరు కోణాల బొమ్మ ఒకటి వచ్చేది. ఒక్కో కొనకు ఒక్కో స్టాట్: స్ట్రెంత్ (బలం), ఏజీ (చురుకు), విట్ (ఓర్పు), ఇంట్ (తెలివి), డెక్స్ (గురి), లక్ (అదృష్టం). మొదట అన్నీ ఐదేసి. ఒక కొనను బయటికి లాగితే దానికి సరిగ్గా ఎదురుగా ఉన్నది లోపలికి కుంగేది. స్ట్రెంత్ పెంచితే ఇంట్ తగ్గుతుంది, ఏజీ పెంచితే లక్, డెక్స్ పెంచితే విట్. నేను దాన్నే చూస్తూ కూర్చుంటే సెంటర్ నడిపే అన్న వెనకనుంచి వంగి మౌస్ లాక్కున్నాడు.

"ఏంది అట్ల జూస్తున్నవ్? స్ట్రెంత్ తొమ్మిది, ఏజీ తొమ్మిది, డెక్స్ తొమ్మిది. మిగిలినయి ఒకటి. అయిపాయె."

ఆ బొమ్మ మూడు మూలలు పొడుచుకొచ్చిన ముళ్లకాయలా తయారైంది. మూడు నెలలు దాంతోనే ఆడాను. వచ్చిన పాయింట్లన్నీ అన్న చెప్పినట్టు ఏజీలోనే పోశాను. ఒక్కొక్కటిగా వస్తే ఏ మాన్‌స్టరూ నన్ను తాకలేకపోయేది, నిజమే. ఓర్క్ డంజన్‌లోకి దిగాక అసలు సంగతి తెలిసింది. ఆ ఆటలో రెండింటికి మించి మీద పడితే, ఆపైన వచ్చే ఒక్కొక్కదానికీ మీ తప్పించుకునే శక్తి పది శాతం చొప్పున తగ్గుతుంది. ఐదు చుట్టుముడితే 30 శాతం పోయినట్టే. తప్పించుకోవడం ఒక్కటే తెలిసిన నా కేరెక్టర్‌కు దెబ్బ తగిలితే ఓర్చుకోవడం తెలియదు. విట్ ఒకటేగా! అందుకే మొదటి నియమం: ఆ బొమ్మను ముట్టుకోకండి.

ఇక లెక్క. సమానంగా పంచడం అమాయకత్వమని వాదించేవాళ్లకు నేను ఆట రాసిన ధరల పట్టికే చూపిస్తాను. పాత రాగ్నరాక్‌లో ఒక స్టాట్‌ను 1 నుంచి 11 దాకా పెంచడానికి మెట్టుకు రెండు పాయింట్లు. అక్కణ్నుంచి 21 దాకా మూడు. ప్రతి పది మెట్లకూ ధర ఒక పాయింటు చొప్పున పెరుగుతూ పోయి, 91 దాటాక మెట్టుకు 11 అవుతుంది. ఒక్క స్టాట్‌ను 99కి తీసుకెళ్లాలంటే మొత్తం 628. అందులో 51 దాకా అయ్యేది 200 మాత్రమే, మిగతా 428 ఆ పై సగానికే. లెవెల్ 99 చేరేసరికి, ఆ ఆరు కోణాల బొమ్మలోని 48 కూడా కలుపుకుని, మీకు వచ్చేవి 1273. రెండు స్టాట్లు 99 చేస్తే 1256 ఖర్చు, చేతిలో మిగిలేది 17. ఆ 17తో ఏం కొనుక్కుంటారు? అదే డబ్బు ఆరింటికీ పంచితే ఆరూ 52 అవుతాయి, ఇంకా 31 మిగులుతాయి. 99, 99, మిగతావి ఇంచుమించు ఒకట్లు ఒకవైపు, ఆరు యాభైరెండ్లు ఇంకోవైపు. అంగట్లో బియ్యం మొదటి కిలో రెండు రూపాయలు, పదో కిలో పదకొండు రూపాయలైతే ఎవరైనా ఒకే కొట్లో పది కిలోలు కొంటారా?

దీనికి వాళ్ల జవాబు నాకు తెలుసు, దాచను. స్ట్రెంత్‌ను పదితో భాగించి, వచ్చిన అంకెను వర్గం చేసి దాడికి కలుపుతుంది ఆట. 52 ఉంటే కలిసేది 25. 99 ఉంటే 81. అంటే స్ట్రెంత్ నుంచి నాకొచ్చే దాడి 77, వాళ్లది 180. సగం కూడా కాదు. ఈ లెక్క తప్పని నేను అనను. నేను రెండు దెబ్బలు కొట్టేలోపు వాళ్లు ఒక్క దెబ్బతో చంపేస్తారు. అయితే ఆ దెబ్బ తగలాలంటే డెక్స్ ఉండాలి, అదేపనిగా స్కిల్స్ వాడాలంటే ఇంట్ ఉండాలి, కొట్టేదాకా బతకాలంటే విట్ ఉండాలి. గైడు రాసేవాళ్లు వీటికోసం కవచాలనూ వాటికి తగిలించే కార్డులనూ నమ్ముకోమంటారు. ఆ కార్డులు కొనే స్తోమత ఎవరికుంది? గంటకు 15 రూపాయలు ఇంట్లో అడిగి తెచ్చుకునేవాడికి ఆటలో కూడా జేబు ఖాళీయే. తర్వాత రెన్యువల్ పేరుతో గ్రావిటీ ఈ సూత్రాలు చాలా మార్చింది. నేను చెప్పేవి పాత లెక్కలు, నా వాదన మాత్రం కొత్తదానికీ అదే.

ఇంకో మాట. మొదటి పాయింటు లక్‌లో పెట్టండి. అందరూ లక్‌ను ఒకటి దగ్గరే వదిలేస్తారు, అదొక అలంకారం అన్నట్టు. అందరికీ ఉండే ఒకటికి తోడు, లక్ పదికి ఒకటి చొప్పున పర్ఫెక్ట్ డాడ్జ్ పెరుగుతుంది. లక్ 50 ఉంటే వంద దెబ్బల్లో ఆరు దెబ్బలు మీకు తగలనే తగలవు. ఆరేనా అంటారు. ఏజీతో వచ్చే తప్పించుకోవడం గుంపు చుట్టుముడితే కరిగిపోతుంది, ఇది మాత్రం ఐదు మీద పడినా పది మీద పడినా అలాగే ఉంటుంది. ఎవరూ నమ్మని చోట పెట్టిన ఆరు దెబ్బలు అవి. నన్ను ఎన్నిసార్లు కాపాడాయో నాకు తెలుసు.

ఇదంతా నేను ఆటలో మాత్రమే నేర్చుకున్నది కాదు. మా నాన్న జీడిమెట్లలో టర్నర్. లేత్ ఒక్కటే పని. చక్‌లో జాబ్ తిరుగుతుంటే చప్పుడు విని టూల్ మొద్దుబారిందో లేదో చెప్పేవాడు, మైక్రోమీటర్ పెట్టకముందే గోటితో తడిమి ఎంత తేడా ఉందో చెప్పేవాడు. మా గల్లీలోనే ఇంకో కాక ఉండేవాడు. కొంచెం వెల్డింగ్, కొంచెం ఫిట్టింగ్, మోటారు కాలిపోతే విప్పి చూస్తాడు, ఫోర్క్‌లిఫ్ట్ కూడా నడుపుతాడు. ఏదీ పూర్తిగా రాదు. నాన్న ఆయన్ని పక్కనబెట్టుకునే "ఏ పనీ రానోడు" అనేవాడు, ఆయనా నవ్వేవాడు. ఒక ఏడాది నాన్న పనిచేసే యూనిట్‌లోకి సీఎన్‌సీ మెషిన్ వచ్చింది, పాత లేత్‌లు తుక్కు కింద తూకానికి పోయాయి. షాపూర్‌నగర్ నుంచి జీడిమెట్ల పారిశ్రామికవాడ దాకా గేటు గేటుకూ తిరిగాడు నాన్న. "టర్నర్లు కావలెను" అనే బోర్డు ఎక్కడా లేదు, "హెల్పర్లు కావలెను" అని మాత్రం ఉంది. ఆ కాకకు అదే వారంలో ఇంకో చోట పని దొరికింది. ఒకరోజు అన్నం తింటూ నాన్న, "ఒక్కదాన్నే నమ్ముకున్న బిడ్డా" అన్నాడు. అంతే, ఇంకేం అనలేదు. ఆ సాయంత్రం నేను నెట్ సెంటర్‌కెళ్లి ముళ్లకాయ కేరెక్టర్‌ను తీసేశాను. ఆరు ఐదులతో కొత్తది మొదలుపెట్టాను.

అది సూపర్ నోవిస్ అయింది. రాగ్నరాక్‌లో అందరూ నోవిస్‌గా మొదలై, జాబ్ లెవెల్ పది రాగానే ఒక వృత్తి ఎంచుకుంటారు. ఏదీ ఎంచుకోకుండా లెవెల్ 45 దాకా ఓపిక పడితే సూపర్ నోవిస్ కావచ్చు. స్వోర్డ్‌మన్, మేజ్, ఆర్చర్, థీఫ్, మర్చంట్, ఎకొలైట్ — ఈ ఆరుగురి విద్యల్లోంచీ నేర్చుకోవచ్చు. గాయం మాన్పుతుంది, నిప్పు బాణం విసురుతుంది, కొట్టువాడితో బేరమాడి తక్కువకు కొంటుంది. ప్రాణం మాత్రం పిసరంతే, మంచి కవచాలేవీ తొడగనివ్వరు. ఒక్కసారి కూడా చావకుండా జాబ్ లెవెల్ 70 చేరితే ఆరు స్టాట్లకూ పదేసి కలుస్తాయి. గమనించండి, ఆరింటికీ. ఆ ఆట చేసినవాళ్లు కూడా ఈ ఒక్క కేరెక్టర్‌కు బహుమానం ఇవ్వాల్సి వచ్చినప్పుడు సమానంగానే పంచారు.

ఒకసారి మా గాజులరామారం చిత్తారమ్మ జాతర నాడు సెంటర్లో నలుగురమే మిగిలాం. మా జట్టులో గాయాలు మాన్పే ప్రీస్ట్‌ను ఆడే పిల్లవాడు ఇంట్లోవాళ్లతో జాతరకు పోయాడు. పెద్ద పెద్ద బిల్డులవాళ్లు ముగ్గురూ గాయం మాన్పేవాడు లేకపోతే డంజన్‌లో అడుగు పెట్టమని కూర్చున్నారు. నేను లేచాను. నా హీల్ చిన్నది, ప్రీస్ట్ చేసేదాంట్లో నాలుగోవంతు కూడా ఉండదు. గంటన్నర పాటు అదే ఆగకుండా వేశాను, మధ్యమధ్య వెనకనుంచి మీద పడ్డవాటిని నేనే కొట్టాను. ఎఫ్ మూడు బటన్ మీద అక్షరం అరిగిపోయిన ఆ కీబోర్డు నాకింకా గుర్తుంది. అందరం బతికి బయటికొచ్చాం. "నీ పిచ్చి బిల్డ్ పనికొచ్చిందిరా" అన్నాడు అన్న. ప్రతి జట్టులోనూ ఎవరో ఒకరు ఏదో ఒకరోజు రారు. ఆ రోజు కోసమైనా జట్టులో ఒకడు అన్నీ అంతో ఇంతో తెలిసినవాడు ఉండాలి, అది మీరే కావాలి.

వేరే ఆటల్లోని టాలెంట్ల విషయంలోనూ ఇదే చెప్తాను. వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ 2004లో వచ్చినప్పుడు లెవెల్ 60కి 51 టాలెంట్ పాయింట్లు, టాలెంట్లను కొమ్మలుగా పేర్చిన మూడు చెట్లు. 2019 ఆగస్టులో క్లాసిక్ పేరుతో ఆ పాత పద్ధతినే మళ్లీ తెచ్చారు, నేను అప్పుడే ఆడాను. గైడులన్నీ ఒక చెట్టులో 31 పెట్టమంటాయి, ఎందుకంటే చిట్టచివరి టాలెంట్ 31వ పాయింటుకు దొరుకుతుంది. నేను డ్రూయిడ్ అనే వృత్తి తీసుకుని 17, 17, 17 పెట్టాను. ఎలుగుబంటిగా దెబ్బలు కాయడానికి 17, దాడి మంత్రాలకు 17, గాయాలు మాన్పడానికి 17. మూడు చెట్ల చివరి కొమ్మలూ నాకు అందవు. డ్రూయిడ్‌కు ఒక విద్య ఉంది, రీబర్త్ అని. పోరాటం మధ్యలోనే చచ్చినవాణ్ని లేపుతుంది. పాత ఆటలో మిగతా ఏ వృత్తివాళ్ల మంత్రానికీ ఆ శక్తి లేదు. అరగంటకు ఒకసారే, కానీ దానికి ఒక్క టాలెంట్ పాయింటు కూడా అక్కర్లేదు. మిమ్మల్ని జట్టులోకి రానిచ్చే పని ఎప్పుడూ చెట్టు చివరే ఉంటుందనుకోకండి.

అసలు వార్‌క్రాఫ్ట్‌లో మాత్రం 2010 డిసెంబరులో కాటక్లిజం అనే విస్తరణ వచ్చింది, పాయింట్లను 41కి తగ్గించారు, ఒక చెట్టులో 31 నింపితే తప్ప రెండోదాన్ని ముట్టుకోనివ్వలేదు. 2012లో ఆ చెట్లనే పీకేశారు. నాలాంటివాళ్లకు ఇష్టమైనట్టు పంచుకునే హక్కు పోయింది. తప్పుగా పంచుకునే హక్కే కావచ్చు, అయినా అది మాది. 2022లో డ్రాగన్‌ఫ్లైట్ అనే విస్తరణతో చెట్లు మళ్లీ మొలిచాయి, పాత స్వేచ్ఛ మాత్రం పూర్తిగా రాలేదు.

పాయింట్లు పెట్టాక వెనక్కి తీసుకోకండి. క్లాసిక్‌లో టాలెంట్లు చెరిపేసుకోవడానికి మొదటిసారి ఒక గోల్డ్, రెండోసారి ఐదు, అలా ఐదేసి పెరుగుతూ యాభై దాకా తీసుకుంటారు. ఇవాళ దెబ్బలు కాచే ట్యాంక్, రేపు గాయాలు మాన్పే హీలర్ అంటూ మారుస్తూ పోతే గోల్డంతా అక్కడే పోతుంది, పైగా మీ కేరెక్టర్ మీకే కొత్తగా కనిపిస్తుంది. తప్పు పెట్టారా? ఉండనివ్వండి. దాంతోనే ఆడటం నేర్చుకోండి.

మీకెదురయ్యే ఆటలో ఆ ఆరు కోణాల బొమ్మ ఉండొచ్చు, మూడు చెట్లుండొచ్చు, ఫోన్లో కింద నాలుగు గీతలే ఉండొచ్చు. ఏదైనా సరే, వెనకనుంచి ఎవరో వంగి మౌస్ లాక్కోబోతారు. ఇవ్వకండి. అన్నీ ఐదేసి ఉండగానే ఓకే కొట్టండి.