రక్తబీజుడి ఫోన్ నంబరు

అన్నం కలుపుకుని మొదటి ముద్ద నోట్లో పెట్టుకునే వేళకు ఫోను మోగడం ఇప్పుడొక ఆచారం. ఎడంచేత్తో అందుకున్నాను.

"నమస్తే సార్, శంకర్‌పల్లి దగ్గర మన వెంచర్ ఉంది సార్. ప్రీలాంచ్ ఆఫర్. ఆదివారం సైట్ విజిట్‌కి కారు పంపిస్తాం, లంచ్ కూడా మాదే సార్."

వద్దమ్మా అన్నాను.

"పోనీ, సదాశివపేట చూస్తారా సార్?" అంది, పప్పు వద్దంటే పులుసు వడ్డించబోయినంత మర్యాదగా.

పెట్టేసి ఆ నంబరును బ్లాక్ చేశాను. చెయ్యి కడుక్కునే లోపు ఇంకో నంబరు. గొంతు వేరు; వెంచరు అదే, కారు అదే, లంచీ అదే.

"బ్లాక్ చేసి పారెయ్యండి, పీడా విరగడైపోతుంది" అని చెప్పే మహానుభావులు ఇంటికొకరున్నారు. మా పై ఫ్లాట్ పెద్దాయన, రిటైర్డ్ తాసిల్దారు, ఈ మతానికి పీఠాధిపతి. పొద్దున్నే కాఫీ తాగి, బాల్కనీలో కుర్చీ వేసుకుని, నిన్నటి కాల్స్‌నన్నిటినీ వరసగా బ్లాక్ చేస్తారు. "నిన్న పదకొండు మందిని లేపేశాను" అంటారు, శిస్తు వసూలైనంత తృప్తిగా. ఆమధ్య ఎవరో విదేశీ నంబర్లన్నీ మోసాలేనంటే, ప్లస్ ఒకటితో వచ్చేవాటిని కూడా మూసేశారు. డాలస్‌లో ఉన్న మనవడు కొత్త సిమ్ తీసుకుని నాలుగు రోజులు ప్రయత్నించి, చివరికి అర్ధరాత్రి నాకు చేశాడు: "అంకుల్, మా తాతయ్య బాగానే ఉన్నారా?"

దివ్యంగా ఉన్నారు నాయనా. ఆయన్ని చేరుకోలేకపోయింది నువ్వొక్కడివే. వెంచర్ల వాళ్లు రోజూ చేరుకుంటూనే ఉన్నారు.

ఫోన్లోని బ్లాక్ మీట ఆపేది నంబరును, మనిషిని కాదు. ఆ కాల్ సెంటరు ఒక నంబరు పోతే ఇంకోటి తీస్తుంది. రక్తబీజుడి కథ తెలిసిందే: నేలపడ్డ ప్రతి చుక్కకూ ఇంకో రక్తబీజుడు లేచాడు. 2024లో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ కన్నెర్రజేస్తే, టెలికాం కంపెనీలు ఇలాంటి కనెక్షన్లను 2.75 లక్షలకు పైగా కోసేశాయి. రెండు లక్షల డెబ్బై అయిదు వేల తలలు! అయినా నా అన్నం వేళ మారలేదు. పురాణంలోనైతే కాళిక నాలుక చాపి, ఒక్క చుక్కా నేల పడకుండా తాగేసింది. మన వ్యవస్థా నాలుకే వాడింది, కాకపోతే మాట్లాడటానికి. కొన్నాళ్లపాటు ఎవరికి ఫోను కలిపినా ముందు సైబర్ మోసగాళ్లతో జాగ్రత్త అనే హితబోధ వినిపించింది. దాన్ని బ్లాక్ చేసే మీట మాత్రం ఎవరి ఫోన్లోనూ లేదు.

అసలు ఈ ఫోన్లను ఆపే ఏర్పాటు మూలంలోనే ఒక చమత్కారం ఉంది. 2007లో ఒక జాబితా పెట్టారు. అక్కర్లేని ఫోన్లు రాకూడదనుకునేవాళ్లు అందులో పేరు రాయించుకోవాలి. అంటే, మా ఇంటికి దొంగలు రానవసరం లేదని ఇంటాయన స్టేషనుకు వెళ్లి అర్జీ పెట్టుకోవాలన్నమాట! అర్జీ పెట్టని ఇంటివాళ్లకు దొంగలంటే అభ్యంతరం లేనట్టే లెక్క. అర్జీ పెట్టుకోవడం తేలికే. 1909కి 'స్టార్ట్ 0' అని మెసేజ్ కొడితే అన్నీ బంద్. అన్నీ బంద్ చేయడం వద్దనుకుంటే హోటల్లో మెనూలా ఏరుకోవచ్చు: బ్యాంకులూ బీమా ఒక వరస, స్థిరాస్తి ఒక వరస, చదువులు ఒకటి, ఆరోగ్యం ఒకటి. "స్థిరాస్తి వద్దు, చదువులు మాత్రం కొంచెం వడ్డించండి" అనే పౌరుణ్ణి నేనింతవరకూ చూడలేదు.

ఈ కోటకు దొడ్డిదారి కూడా ఉంది. దాని పేరు సమ్మతి. మీరు ఆ జాబితాలో, అదే డీఎన్‌డీలో, ఉన్నా సరే, ఫలానా కంపెనీకి 'ఫోన్ చేసుకోవచ్చు' అని ఒప్పుకుంటే ఆ ఒప్పుకోలుదే పైచేయి. ఎప్పుడు ఒప్పుకున్నారంటారా? ఏదో యాప్ తెరిచినప్పుడు, చీమ తలంత అక్షరాల కింద ముందే టిక్కు పెట్టి ఉన్న గడిని చూడకుండా 'ఓకే' నొక్కారు చూడండి, అప్పుడు.

ఇక నంబర్ల వరసల వైభోగం. అమ్మకాల ఫోన్లు 140తో మొదలవ్వాలి. బ్యాంకులూ ప్రభుత్వమూ చేసే సర్వీసు ఫోన్లకు 1600 సిరీస్ ఇచ్చారు. ట్రాయ్ 2025 సవరణలతో మెసేజ్ పంపినవారి పేరు చివర పి, ఎస్, టి, జి అని తోకలూ తగిలించారు. పి అంటే ప్రచారం, జి అంటే సర్కారు. చక్కటి ఆలోచన. కానీ జరిగిందేమిటి? 140 కనపడగానే జనం కోసేస్తున్నారు. నిబంధన పాటించి, మెడలో గంట కట్టుకుని వచ్చినవాడికి తలుపు మూసేశాం. గంట విప్పేసి, మామూలు పదంకెల నంబరుతో, కొరియర్ కుర్రాడిలా వచ్చినవాడికి "హలో, చెప్పండి" అంటున్నాం. నిజాయితీకి ఇంత ఖరీదు పెట్టాక నిబంధనలు ఎవడు పాటిస్తాడు?

ఎన్నికల రుతువులో వచ్చే రికార్డింగు గొంతుల సంగతి సరేసరి. "మీ ఎమ్మెల్యే పనితీరు బాగుంటే ఒకటి నొక్కండి, బాగోలేకపోతే రెండు నొక్కండి." ఈ ఫోన్లు ఆపాలంటే ఎంత నొక్కాలో ఏ పార్టీ గొంతూ చెప్పలేదు.

కోపమొచ్చి కొందరు ఆ ఫోన్ చేసిన అమ్మాయిని తిడతారు. అదేం వీరత్వమో! డిగ్రీ చదివి, చెవికి హెడ్‌సెట్ తగిలించుకుని, రోజుకిన్ని కాల్స్ అనే లెక్క కోసం మన ఈసడింపులు మింగుతున్న పిల్ల ఆమె. ఆమె ముందున్న కాగితంలో మన నంబరు రాసింది ఆమె కాదు.

మరి ఎవరు రాశారు? మొన్న సూపర్ మార్కెట్‌లో కొత్తిమీర కట్టా, పెరుగు ప్యాకెట్టూ కొన్నాను. కౌంటర్లో అబ్బాయి తలెత్తకుండా "మొబైల్ నంబర్ సార్" అన్నాడు. పెరుగుకు నంబరెందుకని అడిగాను. "సిస్టమ్ తీసుకోదు సార్" అన్నాడు. నంబరివ్వనిదే వస్తువు అమ్మమనకూడదని కేంద్ర వినియోగదారుల శాఖ 2023లోనే చెప్పింది. ఆ ముక్క సిస్టమ్‌కి ఎవరూ చెప్పినట్టు లేదు. నా వెనక క్యూలో ఆరుగురు, వాళ్ల చూపులన్నీ నా వీపు మీద. దానికి జడిసి చెప్పేశాను. అబ్బాయి ఒక్కొక్క అంకే గట్టిగా తిరిగి చదివాడు, ఆఖరివాడిదాకా వినపడేటట్టు. పది రూపాయల కొత్తిమీరకి పదంకెలు కొసరు. ఇలాంటి కౌంటర్లూ, ఎగ్జిబిషన్ గేటు దగ్గర లక్కీ డ్రా డబ్బాలూ మనం చేతులారా నింపుతున్న విత్తనాల గాదెలు. ఆదివారం గాదె నింపి, సోమవారం మొలకలు పీకుతూ కూర్చుంటాం.

అందుకే నా తీర్పు: ఒట్టి బ్లాక్ చేయడం పరిష్కారం కాదు, పలాయనం. వీధిలో కుక్క మొరుగుతుంటే మన కిటికీ మూసుకోవడం లాంటిది. మనకు మొరుగుడు వినపడదు. కుక్క పక్కింటికి వెళుతుంది.

వీధికి పనికొచ్చేది ఫిర్యాదు. 2025 సవరణల తర్వాత అది మరీ అంత కష్టమూ కాదు. అనుమతి లేని టెలికాలర్ మీద ఫిర్యాదుకు డీఎన్‌డీలో పేరుండనక్కర్లేదు. ఇదివరకు మూడు రోజుల్లో చెప్పాలి, ఇప్పుడు ఏడు రోజుల గడువుంది. చర్యకు టెలికాం కంపెనీలకు ఉన్న ముప్పై రోజులు అయిదుకు తగ్గాయి. అన్నిటికన్నా ముఖ్యం: ఒకే నంబరు మీద పది రోజుల్లో అయిదుగురు వేర్వేరు మనుషులు ఫిర్యాదు చేస్తే చాలు, చర్య మొదలవ్వాలి.

అయిదుగురు! ఆ శంకర్‌పల్లి ఫోన్ మా అపార్ట్‌మెంట్‌లో ఎవరెవరికి వచ్చిందో మొన్న మీటింగులో అడిగాను. నలభై ఫ్లాట్లలో పాతిక చేతులు లేచాయి. బ్లాక్ చేశారా అంటే పాతికా దిగలేదు. 1909కి ఫిర్యాదు చేసిందెవరు అంటే అన్నీ దిగిపోయాయి, నాదీ వాటితోపాటే.

ఆ సాయంత్రం నేను ఒకటి పెట్టాను. ఇంకా నలుగురు కావాలి.