ముల్లును నమ్మాను

మా పెద్దబాపు వరిపొలం అడుగును చీల్పించింది నేనే. ఎవరో చెబితే చేసిన పని కాదు. చదువు లేక చేసిందీ కాదు. వ్యవసాయ ఇంజనీరింగు చదివాను. బరువు పడ్డప్పుడు మట్టి ఎంత అణుగుతుందో, దాన్ని ఎలా కొలవాలో పరీక్షల్లో రాసి మంచి మార్కులే తెచ్చుకున్నాను. ఆ చదువును నమ్మే ఆయన సరేనన్నాడు. ఆ నమ్మకంతో నేను చేసిన పని తలచుకుంటే ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది. దాచుకుంటే ఎవరికీ మేలు లేదు కనక చెబుతున్నాను.

మాది సిద్దిపేట వైపు. ఎర్ర చెలకలు, బోర్ల కింద చిన్న చిన్న పొలాలు. పెద్దబాపుకు రెండూ ఉన్నాయి. బోరు కింద వరి, గుట్ట దిక్కున మక్క చెలక. ఉద్యోగం వచ్చిన కొత్తలో సెలవుకు ఊరికి వస్తూ ఆఫీసు నుంచి పెనిట్రోమీటరు తెచ్చాను. ఒక ఉక్కు కడ్డీ, దాని కొనకు ముప్పై డిగ్రీల శంకువు, పైన రెండు పిడులు, మధ్యలో డయలు. సెకనుకు మూడు సెంటీమీటర్ల చొప్పున, కుదుపు లేకుండా నేలలోకి దించాలి. మట్టి ఎంత గట్టిగా ఎదురు నిలుస్తోందో ముల్లు చూపిస్తుంది. 200 పీఎస్ఐ దాకా ఆకుపచ్చ, 300 దాకా పసుపు, ఆపైన ఎరుపు. 300 పీఎస్ఐ అంటే సుమారు 2 మెగాపాస్కల్. అంతకు మించి బిగిసిన పొరలోకి చాలా పైర్ల వేళ్లు దిగలేవు.

రోహిణి కార్తె ఎండలవి. యాసంగి కోత అయిపోయి మళ్లు బీటలు వారి ఉన్నాయి. కడ్డీ బెత్తెడు దిగిందో లేదో ముల్లు ఎరుపులోకి పోయింది. ఇంకో మడిలోనూ అంతే. నాకు కావలసిన జవాబు దొరికిందనుకున్నాను. ఏళ్ల తరబడి ట్రాక్టరు తిరిగి కింద గట్టిపొర కట్టింది, సబ్ సాయిలర్ వేసి పగలగొట్టాలి అన్నాను. పెద్దబాపు వంగి ఆ మట్టిగడ్డ ఒకటి చేతిలోకి తీసుకుని, వేలితో గీకి చూశాడు.

"ఎండకు బిగుసుకపోయింది బిడ్డా. వాన వడితే అదే ఇడుస్తది."

నేను ఆయనకు డయలు చూపించాను. అంకె చూపించి ఆయన మాటను కొట్టిపారేశాను. నా తెలివితక్కువతనమంతా ఆ క్షణంలోనే ఉంది. ఒకే మట్టి, ఒకే బిగువు, తేమ తగ్గిన కొద్దీ కడ్డీకి ఎదురు నిలిచే బలం రెండింతలు, మూడింతలు కూడా కావచ్చు. ఎండితే బండలా మారడం మా ఎర్ర నేలల స్వభావమే. అందుకే గట్టి వాన పడి, ఎక్కువైన నీరు దిగిపోయిన రెండు మూడు రోజులకు పెనిట్రోమీటరు వాడాలని పుస్తకం చెబుతుంది. ఆ వాక్యం నేను చదివాను, పరీక్షలో రాశాను కూడా. మడిలో నిలబడ్డప్పుడు గుర్తు రాలేదు. ఆయన వేలితో గీకి చూసింది సరిగ్గా ఆ వాక్యాన్నే.

సబ్ సాయిలర్ వచ్చింది. మూరెడు లోతున నేలను చీల్చుకుంటూ పోయింది. కిరాయి ఆయనే కట్టాడు.

వానకాలం నాటు వేశాక ఫోను వచ్చింది.

"రాత్రంత బోరు పోసింది. తెల్లారి పోయి సూస్తె మడిల సుక్క లేదు. నీళ్లు యాడికి పోతున్నయ్ బిడ్డా?"

ఎక్కడికి పోతున్నాయో నాకు వెంటనే అర్థమైంది. ఆ గట్టిపొర నిజంగానే ఉంది. అయితే అది రోగం కాదు. ప్రతి నాటుకు ముందు నీళ్లు పెట్టి కరిగెట చేసేది ఆ పొర కోసమే. పైమట్టి బురదై గుల్లలన్నీ మూసుకుపోతాయి, ఎడ్ల గిట్టలో ట్రాక్టరు చక్రాలో దాని కిందిదాన్ని అణుస్తాయి. జానెడు లోతులో నీటిని పట్టి ఉంచే అడుగు తయారవుతుంది. వరి వేరుకు అంతకంటే లోతు పెద్దగా అక్కర్లేదు. నీళ్లు నిలిస్తే చాలు. ఇసుకపాలు ఎక్కువున్న చెలక నేలలో బోరు కింద వరి పండిస్తున్నారంటే ఆ అడుగు వల్లనే. తరాలుగా కట్టుకొచ్చిన దాన్ని నేను ఒక్క పూటలో చీల్పించాను. కరెంటుకు కొరత లేదు, మోటరు ఆపకుండా నడిపించవచ్చు. బోరులో నీరు ఉండొద్దూ? కింది మడి పొట్టదశకు రాకముందే ఎండింది.

ఆ తప్పు ఒక్కటే అయితే ఇంత వివరంగా రాసేవాణ్ణి కాదేమో. చెలక సంగతి ఇంకా ఉంది.

మక్క చెలకను నేను ముసురులో కొలిచాను. నేల నానిపోయి ఉంది. ముల్లు ఆకుపచ్చలో నడిచి పసుపు అంచు దగ్గర ఆగింది. ఈ నేలకు ఏ ఢోకా లేదన్నాను. ఆ యేడు వాన నడుమ నాలుగు రోజులు తెరిపి ఇస్తే చాలు మక్క గిడసబారిపోయింది. ఆకులు చుట్టుకుపోయాయి. పక్క గెట్టు వెంట ఉన్న మొక్కలు మాత్రం నిటారుగా ఉన్నాయి. ఈసారి కడ్డీ ముట్టుకోలేదు. పార తీసుకుని మొక్క పక్కన మోకాలి లోతు గుంట తవ్వాను. వేళ్లు జానెడు దాకా నేరుగా దిగి, అక్కడ మోచేతిలా వంగి అడ్డంగా పాకాయి. ఆ వంపు కింద మట్టి పలకలు పలకలుగా ఊడి వచ్చింది. ఒక్క సన్న వేరు కూడా లేదు.

అప్పుడు చేశాను అసలు చేయాల్సిన పని. అయిదు సెంటీమీటర్ల వ్యాసం, అయిదు సెంటీమీటర్ల ఎత్తు ఉన్న ఉక్కు ఉంగరాన్ని ఆ పొర మీద పెట్టి, పైన చెక్కముక్క ఉంచి, సుత్తితో మెల్లగా దించాలి. గట్టిగా కొడితే లోపలి మట్టి ఇంకా అణిగి లెక్క తప్పుతుంది. చుట్టూ తవ్వి, ఉంగరాన్ని మట్టితో సహా పైకి తీసి, రెండు వైపులా మిగిలినదాన్ని కత్తితో సమంగా కోయాలి. 105 డిగ్రీల వేడిలో ఒక రోజు ఆరబెట్టి తూచాలి. ఉంగరంలో పట్టేది 98 ఘనసెంటీమీటర్లు. చెలక మధ్య మట్టి 167 గ్రాములు తూగింది. గెట్టు పక్క మట్టి 142. అంటే ఘనసెంటీమీటరుకు ఒకచోట 1.70 గ్రాములు, ఇంకోచోట 1.45. మట్టి రేణువు సాంద్రత 2.65గా తీసుకుంటే గెట్టు పక్కన నూటికి 45 పాళ్లు ఖాళీ, చెలక నడుమ 36. తగ్గిన ఆ తొమ్మిది పాళ్లే నీరు దిగే దారి, గాలి ఆడే దారి. ఈ కొలతకు వాన పడిందా, ఎండ కాసిందా అన్నదానితో పెద్దగా పని లేదు, ఎందుకంటే తూచేది ఎండబెట్టిన మట్టిని. ఖర్చు ఒక ఉంగరం, ఒక తూకం, ఒక పొయ్యి. దీన్ని వదిలి నేను రంగుల డయలు పట్టుకున్నాను.

బరువు ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసుకోవాలని గెట్టు పక్క మట్టిని, కదల్చకుండా కోసి, నాతో చదివిన మిత్రుడు పనిచేసే ల్యాబుకు పట్టుకెళ్లాను. అక్కడ ఈడోమీటరు ఉంది. పక్కలకు పొర్లకుండా ఉంగరంలో బిగించిన మట్టి మీద 25, 50, 100, 200, 400 కిలోపాస్కళ్లు, ఇలా మెట్టు మెట్టుకూ రెట్టింపు బరువు వేస్తారు. ప్రతి మెట్టుకు ఎంత కుంగిందో మిల్లీమీటరులో నూరో వంతు దాకా చదువుతారు. గీత గీస్తే మొదట దాదాపు అడ్డంగా నడుస్తుంది, ఒకచోట వంగి ఒక్కసారిగా కిందికి జారుతుంది. ఆ వంపును గుర్తించే పద్ధతిని కాసాగ్రాండే 1936లో చెప్పాడు. వంపుకు ముందు బరువు తీసేస్తే మట్టి చాలావరకు తేరుకుంటుంది. వంపు దాటాక వేసిన బరువుకు తేరుకోదు. తడి పెరిగిన కొద్దీ ఆ వంపు తక్కువ బరువుకే వస్తుంది. తడి మట్టితో చేసిన పరీక్షలో అది నూరు కిలోపాస్కళ్లకు ముందే వచ్చేసింది.

చక్రం కింద నేల మీద పడే ఒత్తిడి ఇంచుమించు టైరులో ఉన్న గాలి ఒత్తిడే. ట్రాక్టరు వెనక టైరుకు పొలంలో 15 పీఎస్ఐ అటూ ఇటూ ఉంటుంది, నూరు కిలోపాస్కళ్ల దరిదాపు. ట్రాలీ టైరుకు 50 దాకా కొడతారు, అంటే దాదాపు 345. అంతకు ముందటేడు కంకులు విరిచినప్పుడు వాన వెలిసిన మరునాడే ట్రాలీ నేరుగా చెలక నడుమకు పోయింది. నేను ఆ రోజు అక్కడే ఉన్నాను. కంకులు ఎత్తించాను కూడా. మరీ బురదలో చక్రం కూరుకుపోతుంది కానీ మట్టి అంతగా అణగదు, నీరు అడ్డుపడుతుంది. నడిమధ్య పదునులో ఉన్నప్పుడే అది అన్నింటికన్నా ఎక్కువ అణుగుతుంది. కట్టల మట్టి మీద ప్రాక్టర్ 1933లో తేల్చిన సంగతి ఇది, రోడ్డు మీద నీళ్లు చల్లి రోలరు తోలేది ఇందుకే. దున్నడానికి పనికొచ్చే పదునే బరువైన బండికి పనికిరానిది.

టైరులో గాలి తగ్గిస్తే పైమట్టికి మేలే. లోతుకు పోయే ఒత్తిడి మాత్రం ఇరుసు మీద ఉన్న మొత్తం బరువును బట్టి ఉంటుంది. పైపొరను నాగలి, వేళ్లు, వానపాములు మళ్లీ గుల్ల చేస్తాయి. స్వీడన్‌లో హాకన్సన్, ఆయనతో కలిసి పనిచేసినవాళ్లు ఇరుసుకు పది టన్నులు మోసే బండ్లతో చేసిన ప్రయోగాల్లో కింది పొర బిగువు ఏళ్ల తరబడి పోలేదు. అక్కడ చలికాలం నేల గడ్డకట్టి విచ్చుకుంటుంది కూడా. మనకు ఆ సాయం లేదు.

ఇదంతా పెద్దబాపుకు చెప్పాను. అరుగు మీద కూర్చుని విన్నాడు. కోప్పడితే బాగుండుననిపించింది.

"సరె. గీ యాసంగికి కింది మడి ఇడిచిపెడుదాం" అన్నాడు.

చెరువు మన్ను తోలించి, కేజ్ వీల్స్‌తో లోతుగా కరిగెట చేస్తూ వచ్చాం. ఇప్పుడు పై మళ్లలో నీళ్లు నిలుస్తున్నాయి. కింది మడిలో ఒడ్డు పక్కన ఇంకా దిగిపోతున్నాయి. సబ్ సాయిలర్ వెళ్లాల్సింది చెలకకు. ఎండాకాలం, మట్టి పెళుసుగా ఉన్నప్పుడు వేయించాం. తడిలో వేస్తే కత్తి గాటు పడుతుందే తప్ప పొర పగలదు. ఇప్పుడు ట్రాలీ గెట్టు దాటి లోపలికి రాదు, కంకులు బస్తాల్లో మోసుకొస్తారు. కూలి ఎక్కువవుతోంది. ఆ ఎక్కువ నేనే ఇస్తున్నాను.

మీ పొలానికి ఎవరైనా కడ్డీ పట్టుకుని వస్తే, వాళ్లు ఎంత చదివినవాళ్లయినా సరే, రెండు ప్రశ్నలు అడగండి. ఈ రోజు మట్టిలో తేమ ఎంతుందో చూశావా? ఇక్కడ వేసేది వరా, ఆరుతడి పంటా? రెండింటికీ జవాబు చెప్పలేకపోతే, ఆ ముల్లు ఏ రంగు మీద ఉన్నా నేలను ముట్టుకోనివ్వకండి.