హోర్డింగుకు టీకా తాత్పర్యం

మూలం: "ప్రపంచస్థాయి విద్య. వంద శాతం ప్లేస్‌మెంట్లు. నేడే చేరండి.*"

అవతారిక: ఇది ఏ ఒక్క సంస్థ రాతా కాదు. ఎండాకాలం బాపట్ల–చీరాల దారిలో ఏ ఫ్లెక్సీ చూసినా చిన్న చిన్న పాఠభేదాలతో ఇదే పాఠం. దీన్ని ఆ దారిలోనే ఉన్న స్టూవర్టుపురం గుమ్మంలో నిలబడి చదివితే ఏ అర్థం వస్తుందన్నదే ఇక్కడి విచారణ.

టీక: మూలంలో కర్తృపదం లేదు. "పెద్ద ప్రైవేటు వర్సిటీ" అని అధ్యాహారం చేసుకోవాలి. అది ఏ జాతిదో ముందు తేలాలి. వడ్డేశ్వరం కేఎల్, వడ్లమూడి విజ్ఞాన్ డీమ్డ్ సంస్థలు. అమరావతిలోని ఎస్సార్‌ఎం, వీఐటీ 2016 నాటి రాష్ట్ర చట్టం కింద వచ్చిన ప్రైవేటు వర్సిటీలు. డీమ్డ్ అంటే యూనివర్సిటీగా ఊహించుకోదగినది. ఆలంకారికుల భాషలో ఇది ఉత్ప్రేక్ష. 2017లో సుప్రీంకోర్టు ఈ సంస్థలు పేరులో యూనివర్సిటీ అన్న మాట వాడరాదనడంతో అలంకారశాస్త్రానికి న్యాయశాస్త్రం బలం కూడా దొరికింది. ఇది మాటల తగువు కాదు, ఫీజు తగువు. డీమ్డ్ సంస్థలో కన్వీనరు కోటా, అంటే ఈఏపీసెట్ ర్యాంకుతో ప్రభుత్వ కౌన్సెలింగులో నిండే సీట్లు, లేదు. రాష్ట్ర చట్టం కింద వచ్చిన ఆ అమరావతి వర్సిటీల్లో 35 శాతం సీట్లు కన్వీనరువి. ప్రభుత్వమిచ్చే ఫీజు రీయింబర్స్‌మెంటు కన్వీనరు సీటుతో వస్తుంది, మేనేజ్‌మెంటు సీటుతో రాదు. కూలికెళ్లే ఇంటికి సిద్ధాంతమంతా ఈ ఒక్క భేదం మీదే నిలబడుతుంది.

"వంద శాతం" దగ్గర వ్యాఖ్యాతలు తికమకపడతారు. దేనిలో వంద? సాధారణంగా బ్యాక్‌లాగులు లేకుండా, కంపెనీ అడిగిన మార్కులుండి, పేరు నమోదు చేసుకున్నవాళ్లలో. ఒక్కడికే మూడు ఆఫర్లొస్తే మూడూ లెక్కకెక్కే చోట్లూ ఉన్నాయి. పోనీ, విద్యాసంస్థల నాణ్యతను తూచే నాక్ ఇచ్చిన గ్రేడు చూసి నమ్ముదామా? 2025 ఫిబ్రవరిలో సీబీఐ నాక్ తనిఖీ బృందంలోని వారినే లంచం ఆరోపణ మీద అరెస్టు చేసింది. ఆరోపణ రుజువు కాదు. ఈ సంగతి స్టూవర్టుపురానికి ఒకరు చెప్పక్కర్లేదు. 1911 నాటి నేరస్థ తెగల చట్టం పుట్టిన బిడ్డను కూడా అనుమానితుడి కింద జమకట్టింది. దాని నీడలోనే 1913లో సాల్వేషన్ ఆర్మీ చేతిమీదుగా, స్టూవర్టు దొర పేరుతో, ఎరుకల కుటుంబాల కోసం ఈ సెటిల్‌మెంటు వెలిసింది.

ఇక్కడ పూర్వపక్షి లేస్తాడు. "ఆ అనుమానపు ముద్ర పోవడానికేగా పెద్ద వర్సిటీ? 1952కల్లా చట్టం పోయినా సినిమావాళ్లు 1991లోనూ, 2023లోనూ ఈ ఊరిని దొంగల ఊరిగానే చూపించారు. రెజ్యూమేలో ఊరి పేరుకన్నా ముందు వర్సిటీ పేరు కనబడితే అదే పదివేలు. పైగా ఒక్కరోజులో వేలమందికి పరీక్ష పెట్టే వీలున్నచోటికే కంపెనీలు వస్తాయి." ఇది తోసిపుచ్చదగిన వాదం కాదు. వేలమంది మధ్య ఎవరూ ఊరడగని చోటు దొరకడం ఈ ఊరి పిల్లలకు నిజమైన లాభమే. కానీ ఆ లాభం ఖరీదు ఇంటిల్లిపాదీ నాలుగేళ్లు చేసే అప్పయితే, ముద్ర పోయి వడ్డీ మిగులుతుంది. పక్కనే 1981 నాటి బాపట్ల ఇంజనీరింగ్ కాలేజీ ఉంది. పొద్దున్నే అన్నం బాక్సు సర్దుకుని వెళ్లి సాయంత్రానికి ఇల్లు చేరొచ్చు. రీయింబర్స్‌మెంటు ట్యూషన్ ఫీజుకేగాని హాస్టలుకు కాదు కాబట్టి ఆ బాక్సును తక్కువగా చూడకూడదు. ర్యాంకు కలిసొచ్చి ఆ 35 శాతంలో సీటొస్తే నిస్సంకోచంగా అమరావతి వెళ్లాలి. లేకపోతే బాపట్లే మేలని నా మతం. ఊరి పేరు మరుగునపడే చోటు కాస్త ఆలస్యంగా, ఉద్యోగంలోనైనా దొరకవచ్చు.

ఇక మిగిలింది "నేడే". ఎందుకింత తొందర? కౌన్సెలింగులో సీటొస్తే పిల్లవాడు చేజారిపోతాడని. ఒరిజినల్ సర్టిఫికెట్లు అట్టే పెట్టుకోకూడదనీ, గడువుకు ముందే మానుకుంటే ఫీజు వాపసివ్వాలనీ యూజీసీ 2018లోనే చెప్పింది. మూలంలో కొసనున్న నక్షత్రపు గుర్తు ఆ సంగతి చెప్పదు. అందుచేత "నేడే" అంటే "ఈఏపీసెట్ కౌన్సెలింగు అయ్యాక" అని చెప్పుకోవాలి. గ్రంథకర్తకు ఈ అర్థం రుచించకపోవచ్చు.